'వేరబౌట్స్' : వ్యుత్పత్తి, అర్థపరిణామం, తెలుగు సమానార్థకాలు

ఉపోద్ఘాతం

స్థలాన్ని తెలిపే పదాలు ప్రతి భాషలోను రెండు తెగలుగా కనిపిస్తాయి. గ్రామం, గృహం, క్షేత్రం, నివాసం వంటివి స్థలానికి పేరు పెట్టే నామవాచకాలు. ఎక్కడ, అక్కడ, ఇక్కడ వంటివి స్థలాన్ని ప్రశ్నించేవి, లేదా నిర్దేశించేవి. ఆంగ్లంలోని 'వేరబౌట్స్' అనే పదం పుట్టుకచేత రెండవ తెగకు, నేటి ప్రధాన ప్రయోగంచేత మొదటి తెగకు చెందినది. ప్రశ్నగా పుట్టి నామవాచకంగా స్థిరపడిన మాట ఇది. నామవాచకమైన తరువాత కూడ దాని ప్రశ్నలక్షణం దానిని విడిచిపోలేదు.

ఈ లక్షణాన్ని గమనించకుండా ఆ పదానికి 'నివాసం', 'చిరునామా', 'స్థానం' అనే మాటలను పర్యాయాలుగా వాడితే అర్థం చెడిపోతుంది. తప్పిపోయిన బిడ్డ చిరునామా తల్లిదండ్రులకు తెలియనిది కాదు. అది వారి ఇల్లే. తెలియనిది ఆ బిడ్డ ఇప్పుడు ఎక్కడున్నదీ అనేది. చిరునామా స్థిరమైనది, కాగితంపై వ్రాసి ఉంచదగినది. 'వేరబౌట్స్' తెలిపేది చరమైన వస్తువు తాత్కాలికంగా ఉన్న చోటు. అదీ వెదుకుతున్నవాని దృష్టిలో. న్యాయపత్రాలలోను, అంతర్జాతీయ ఒడంబడికలలోను ఈ పదం తరచుగా వచ్చేది మనిషి స్వేచ్ఛకు, ప్రాణానికి సంబంధించిన సందర్భాలలోనే కాబట్టి దీని అర్థనిర్ణయం కేవలం నైఘంటిక విషయం కాదు.

పదనిర్మాణం

ఈ పదంలో 'వేర్', 'అబౌట్', 'స్' అని మూడు అంగాలున్నవి.

మొదటిదైన 'వేర్' ప్రాచీనాంగ్లంలో 'హ్వేర్', గోథిక్ భాషలో 'హ్వర్'. జేకబ్ గ్రిమ్ 1822లో వివరించిన ధ్వనిసూత్రం ప్రకారం ఇండో-యూరోపియన్ మూలభాషలోని 'క్వ' ధ్వని జెర్మానిక్ శాఖలో 'హ్వ'గా మారినది. సంస్కృతంలో అదే ధ్వని క-కారంగా నిలిచినది. కనుక ఆంగ్లంలోని 'హూ', 'వాట్', 'వేర్' మొదలైన ప్రశ్నార్థకాలు, సంస్కృతంలోని కః, కిమ్, క్వ, కుత్ర మొదలైనవి ఒకే మూలానికి చెందినవి. 'వేర్' చివరనున్న రేఫను భాషాశాస్త్రజ్ఞులు సంస్కృతంలోని 'కర్హి'లోని రేఫతో పోల్చారు. పాణిని 'కర్హి', 'తర్హి' మొదలైన వాటిని ర్హిల్ ప్రత్యయంతో (5-3-21) సాధించాడు. జెర్మానిక్ శాఖలో ఈ రూపాలు స్థలాన్ని తెలుపగా, సంస్కృతంలో కాలాన్ని తెలుపుతున్నవి. స్థలకాలవాచకాలు పరస్పరం మారడం అన్ని భాషలలోను కనిపించే విషయమే.

రెండవదైన 'అబౌట్' ప్రాచీనాంగ్లంలో 'ఆన్బూటన్'. 'ఆన్', 'బి', 'ఊటన్' అనే మూడు ముక్కల కలయిక ఇది. 'ఊటన్' అనగా వెలుపలినుండి. నేటి 'అవుట్' దీనికి దగ్గరి చుట్టం. సంస్కృతంలోని 'ఉత్' అనే ఉపసర్గ కూడ అదే మూలానికి చెందినది. 'బూటన్' అనే భాగమే విడిగా ఎదిగి 'కాని' అనే అర్థంలో 'బట్' అయినది. 'అబౌట్'కు మొదటి అర్థం 'వెలుపలి అంచున', ఆపై 'చుట్టూ', ఆపై 'ఇంచుమించుగా'. ఈ అర్థపరిణామానికి దీటైన ఉదాహరణ తెలుగువారికి సుపరిచితమైన 'ప్రాంతం' అనే పదంలో ఉన్నది. సంస్కృతంలో 'ప్రాంతం' అనగా అంచు, పొలిమేర. తెలుగులో అది చుట్టుపట్ల భూమి అయి, 'క్రీ.శ. 1400 ప్రాంతంలో' అన్నప్పుడు ఇంచుమించు అనే అర్థాన్ని కూడ పొందినది. అంచునుండి పరిసరానికి, పరిసరంనుండి ఉజ్జాయింపుకు సాగిన మార్గం రెండింటికి ఒకటే.

మూడవదైన 'స్' బహువచన ప్రత్యయమని పలువురు భావిస్తారు. వాస్తవానికి అది షష్ఠీవిభక్తి శేషం. ప్రాచీనాంగ్లంలో నామవాచకాల షష్ఠీరూపం క్రియావిశేషణంగా వాడబడేది. 'ఆల్వేజ్', 'టువర్డ్స్', 'బిసైడ్స్' అనే పదాల చివరి సకారం, 'వన్స్'లోని చివరి ధ్వని ఈ కోవకే చెందుతాయి. సంస్కృతంలో 'చిరస్య' అనే షష్ఠ్యంతరూపం 'చాల కాలానికి' అనే అర్థంలో అవ్యయంగా నిలిచి, అమరకోశంలో అవ్యయవర్గానికి ఎక్కడం దీనితో పోల్చదగినది.

మూడు అంగాలను కలిపి చూచినప్పుడు పదానికి వచ్చే అర్థం 'ఏ చోటి చుట్టుపట్ల?' అని. ఇందులో 'ఎక్కడ?' అనే ప్రశ్న ఉన్నది. కచ్చితమైన బిందువును కోరని సడలింపు కూడ ఉన్నది.

అవ్యయంనుండి నామవాచకం

సకారం లేని 'వేరబౌట్' అనే రూపం 1300 ప్రాంతంనుండి ప్రశ్నార్థక క్రియావిశేషణంగా కనిపిస్తుంది. సకారాంతరూపం 15వ శతాబ్దినుండి వాడుకలోనికి వచ్చినది. నేటికీ ఈ పూర్వప్రయోగం సజీవంగానే ఉన్నది. ఆంగ్లేయుడు ఒక కొత్త పరిచయస్థుని 'వేరబౌట్స్ డు యు లివ్' అని అడిగితే ఇంటి నంబరు కోరడు. ఏ ఊరు, ఏ పేట అనే ఉజ్జాయింపు సమాధానంతో తృప్తిపడతాడు.

నామవాచకంగా దీని తొలి ప్రసిద్ధ ప్రయోగాలలో ఒకటి షేక్స్పియర్ రచించిన 'మాక్బెత్' నాటకంలో ఉన్నది. 1606 ప్రాంతంలో రచింపబడినదని భావించే ఈ నాటకం 1623లో ముద్రితమైనది. రాజు డంకన్‌ను చంపడానికి రాత్రివేళ బయలుదేరిన మాక్బెత్, తాను ఎక్కడున్నదీ కాలిక్రింది రాళ్లు బయటపెట్టునేమో అని భయపడే ఘట్టంలో ఈ పదం సకారం లేకుండా నామవాచకంగా వచ్చినది. గోప్యతకు, వెల్లడికి మధ్య నిలిచిన సందర్భమది. తరువాతి కాలంలో ఈ పదం ఏ వాతావరణంలో స్థిరపడినదో ఆ ఛాయ ఇక్కడనే కనబడుతున్నది. సకారాంత రూపం నామవాచకంగా 18వ శతాబ్ది చివరి భాగంనుండి వ్యాప్తి పొందినది.

ప్రయోగ విశేషాలు

నామవాచకమైన 'వేరబౌట్స్' ప్రయోగంలో గమనించదగిన అంశాలు నాలుగు.

ఒకటి, వచనం. దీనికి ఏకవచన క్రియను, బహువచన క్రియను కూడ వాడతారు. మూలంలోని సకారం షష్ఠీశేషమన్న స్మృతి పోయి, అది బహువచనమనే భ్రాంతి కలగడమే ఈ ద్వైధానికి కారణం. బహువచన క్రియయే నేడు అధికం. అయినను దీనిని లెక్కించడం సాధ్యం కాదు. 'ఒక వేరబౌట్స్, రెండు వేరబౌట్స్' అని ఎవరూ అనరు.

రెండు, సంబంధం. ఈ పదం షష్ఠ్యర్థాన్ని ఆకాంక్షిస్తుంది. ఎవరివి, లేక దేనివి అనే సంబంధి పదం పైకి చెప్పకపోయినా సందర్భంలో ఉండి తీరవలెను.

మూడు, సంబంధి స్వభావం. అది చరమైనదై ఉండవలెను. తిరుమల కొండ విషయంలో 'లొకేషన్' అంటారు కాని 'వేరబౌట్స్' అనరు. దొంగిలింపబడిన దేవతా విగ్రహం, కనిపించకుండా పోయిన తాళపత్ర ప్రతి, ఇల్లు విడిచిన మనిషి - వీటి విషయంలో అంటారు.

నాలుగు, అన్వయించే క్రియలు. తెలియు, వెదకు, అడుగు, కనుగొను, దాచు, వెల్లడించు - ఇవే సాధారణంగా ఈ పదంతో కూడుతవి. 'వేరబౌట్స్ విశాలంగా ఉన్నవి', 'వేరబౌట్స్ అందంగా ఉన్నవి' అనే ప్రయోగాలు లేవు. అనగా ఈ పదం తెలిపేది స్థలాన్ని కాదు, స్థలాన్ని గురించిన జ్ఞానాన్ని. ఇందులో జిజ్ఞాస అంతర్భూతమై ఉన్నది. నివాసం, చిరునామా అనే పదాలనుండి దీనిని వేరుచేసే లక్షణం ఇదే.

సంస్కృత సంప్రదాయం

సంస్కృతంలో కిమ్ శబ్దంనుండి స్థలార్థంలో 'కుత్ర' (5-3-10), 'క్వ' (5-3-12), అపాదానార్థంలో 'కుతః' (5-3-7) ఏర్పడినవి. అవ్యయాలైన వీటిలో ఏదియు ఆంగ్లపదంవలె నామవాచకంగా పరిణమించలేదు. వెదకబడే వ్యక్తి ఉన్న చోటును గురించి చెప్పవలసి వచ్చినప్పుడు సంస్కృతం వేరొక మార్గాన్ని అనుసరించినది. ఆ మార్గం 'ప్రవృత్తి'. అమరకోశం వార్త, ప్రవృత్తి, వృత్తాంతం, ఉదంతం అనే నాలుగింటిని పర్యాయాలుగా చెప్పినది. రామాయణంలో సుగ్రీవుడు నలుదిక్కులకు వానరులను పంపినది సీత ప్రవృత్తిని తెలిసికొనుటకే. ఆంగ్లం ప్రశ్నను నామవాచకం చేసినది. సంస్కృతం ఆ ప్రశ్నకు రావలసిన సమాధానాన్ని, అనగా వార్తను, పదంగా గ్రహించినది.

ఈ భేదం రామకథలో స్పష్టంగా తెలుస్తుంది. సీత లంకలో ఉన్నదని దక్షిణసముద్ర తీరంలో సంపాతి చెప్పాడు. స్థలం తెలిసినది. కాని అన్వేషణ ముగియలేదు. హనుమంతుడు సముద్రం దాటి, ఆమెను చూచి, మాటలాడి, చూడామణిని తెచ్చిన తరువాతనే రామునకు ప్రవృత్తి అందినట్లయినది. ఎక్కడున్నదనే సంగతికి ఎట్లున్నదనే సంగతి తోడైనప్పుడే వెదుకులాటకు తృప్తి.

మహాభారతంలోని అజ్ఞాతవాసం దీనికి విలోమమైన ఉదాహరణం. పాండవులు పదమూడవ యేట గుర్తింపబడినట్లయితే మరల పన్నెండేండ్లు వనవాసం చేయవలసి ఉండెను. దుర్యోధనుని చారులు దేశమంతట వెదకి, పాండవుల వార్త లేకుండానే తిరిగి వచ్చి, కీచకుని మరణాన్ని మాత్రం విన్నవించారు. ధర్మరాజు ఉన్న దేశం ఏ లక్షణాలతో ఉండునో భీష్ముడు చెప్పిన మాటలు బిందువును చూపేవి కావు, పరిసరాన్ని చూపేవి. 'అబౌట్' అనే అంశానికి ఇంతకంటె చక్కని దృష్టాంతం అరుదు.

ధర్మశాస్త్రాలలో ఈ భావం 'నష్ట' శబ్దంలో ఉన్నది. ధాతుపాఠం నశ్ ధాతువుకు చెప్పిన అర్థం కనబడకపోవడం. కనుక 'నష్టుడు' అనగా చనిపోయినవాడు కాదు, కనబడనివాడు. దేశాంతరగతుడైన భర్తకోసం భార్య ఎన్నేండ్లు నిరీక్షింపవలెనో నిర్ణయించిన నారదస్మృతి, అతడు జీవించి ఉన్నాడనే వార్త వినవచ్చినచో ఆ గడువు రెట్టింపగునని చెప్పినది. ఇక్కడ ప్రమాణమైనది స్థలం కాదు, వార్త. 1872 నాటి భారత సాక్ష్యచట్టంలోని 108వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 111వ సెక్షన్ కూడ ఒక వ్యక్తిని గురించి, సహజంగా వినవలసినవారు ఏడేండ్లపాటు ఏమియు వినకపోవడాన్నే కొలమానంగా గ్రహించినవి. అట్టి వ్యక్తి జీవించి ఉన్నాడని వాదించేవారే దానిని రుజువు చేయవలెను. వేర్వేరు కాలాల ధర్మనిర్ణయాలు ఒకే భావాన్ని ఆశ్రయించడం ఆలోచింపదగినది.

తెలుగు పదసంపద

తెలుగులో 'ఎక్కడ' అనేది 'ఏ', 'కడ' అనే రెండింటి కలయిక. త్రికంమీది అసంయుక్త హల్లుకు ద్విత్వము, ఆపై పూర్వదీర్ఘానికి హ్రస్వము వచ్చి ఈ రూపం సిద్ధించినదని బాలవ్యాకరణం చదివినవారికి తెలిసినదే. 'కడ' శబ్దానికి చోటు, దిక్కు అనే అర్థాలతోబాటు కొస, అంచు అనే అర్థం కూడ ఉన్నది. 'కడపటి' అనే పదంలో ఆ అర్థమే కనబడుతున్నది. ఆంగ్లం 'అబౌట్' చేర్చి సాధించిన సడలింపు తెలుగు 'ఎక్కడ'లో కొంత సహజంగానే ఉన్నదని చెప్పవచ్చు.

'వేరబౌట్స్'కు సమీపమైన తెలుగు పదాలను విడివిడిగా పరిశీలించవలసి ఉన్నది.

జాడ : అడుగు గుర్తు దీని మూలార్థం. 'అడుగుజాడ' అనే సమాసం ఆ అర్థాన్ని నిలుపుకొన్నది. జాడ గతాన్ని చూపుతుంది. వెళ్లిన దారిని చెపుతుంది. ప్రస్తుతం ఉన్న చోటు దానివల్ల ఊహింపదగినదే కాని నేరుగా తెలిసేది కాదు.

ఆచూకి : వెదుకువానికి చిక్కవలసిన ఆధారం, దానివల్ల తెలిసే ఉనికి. వార్తాపత్రికలలో 'ఆచూకీ తెలియలేదు', 'ఆచూకీ తెలిపినవారికి బహుమతి' అనే ప్రయోగాలు సర్వసాధారణం. జిజ్ఞాస, చరత్వం, సంబంధి ఆకాంక్ష - ఈ మూడు లక్షణాలు ఇందులో ఉన్నవి. కొండకు ఆచూకి లేదు. తప్పిపోయిన ఆవుకు ఉన్నది.

ఉనికి : ఉండుటను తెలిపే భావార్థక రూపం. స్థలాన్ని, అస్తిత్వాన్ని కూడ చెపుతుంది. 'ఉనికిపట్టు' అనే సమాసంలో స్థలార్థం స్పష్టం. కాని నేటి గద్యంలో అస్తిత్వార్థమే ప్రబలమైనది. 'అతని ఉనికి తెలియదు' అన్నప్పుడు అతడున్న చోటు తెలియదనియా, అతడు ఉన్నాడో లేడో తెలియదనియా అనే సందేహం కలుగుతుంది.

పత్తా : హిందీ-ఉర్దూలలోని 'పతా'నుండి వచ్చినది. అక్కడ దానికి చిరునామా అనే అర్థం, ఆచూకి అనే అర్థం రెండూ ఉన్నవి. తెలుగు వాడుకలో మాత్రం 'పత్తా లేదు' అనే నిషేధరూపంలో ఆచూకి అనే అర్థమే మిగిలినది. చిరునామా, ఆచూకి వేర్వేరని తెలుగు వాడుక తనంతట తానే తీర్మానించుకొన్నదనుటకు ఇది సాక్ష్యం. 'ఠికానా' తెలంగాణ వాడుకలో ఉన్న మరొక మాట. ఇది నిలకడను, నిలిచే చోటును చెపుతుంది.

వీటికంటె భిన్నమైన మార్గం ఒకటి తెలుగు వాక్యనిర్మాణంలోనే ఉన్నది. 'అతడు ఎక్కడున్నదీ తెలియరాలేదు', 'ఎక్కడున్నాడో చెప్పలేదు' అనే వాక్యాలలో ప్రశ్నవాక్యమే కర్మస్థానంలో నిలిచి నామవాచకం చేయవలసిన పని చేస్తున్నది. ఆంగ్లంలో ఈ పని ఒక పదంగా ఘనీభవించగా, తెలుగులో అది సజీవమైన వాక్యప్రక్రియగా ఉన్నది. ఈ నిర్మాణంలో ప్రశ్నలక్షణం పూర్తిగా నిలుస్తుంది.

అనువాదంలో తారతమ్యం

ఏ సందర్భంలో ఏ పదం తగునో నిర్ణయించడానికి 'ఎవరు ఎరుగుదురు? ఎవరు ఎరుగరు? ఎవరు చెప్పవలెను?' అనే మూడు ప్రశ్నలు వేసికొనవలెను. రెండు ఉదాహరణలు చాలును.

బలవంతపు అదృశ్యాలనుండి అందరి రక్షణకై ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరు 20న ఆమోదించిన అంతర్జాతీయ ఒడంబడిక 2010లో అమలులోనికి వచ్చినది. భారతదేశం దానిపై 2007లో సంతకం చేసినది. అందలి రెండవ అధికరణం, నిర్బంధింపబడిన వ్యక్తి గతిని గాని 'వేరబౌట్స్'ను గాని దాచడాన్ని నిర్వచనంలో భాగంగా చెప్పినది. ఇక్కడ ఎరిగినవారు దాచుచున్నారు, ఎరుగనివారు బంధువులు. దీనిని 'చిరునామాను దాచడం' అన్నచో నిర్వచనమే కూలిపోతుంది. ఆ వ్యక్తి చిరునామా అందరికి తెలిసినదే. 'స్థానాన్ని దాచడం' అన్నచో పదవి అనే అర్థం అడ్డువస్తుంది. 'జాడ' అన్నచో ఎరిగి దాచుచున్నారనే అంశం మరుగుపడుతుంది. 'ఆ వ్యక్తి ఏమైనదీ, ఎక్కడున్నదీ దాచడం' అనే వాక్యరూపమే ఇక్కడ నిర్దుష్టమైనది. అదే ఒడంబడిక ఫ్రెంచి పాఠం కూడ ఒక్క పదాన్ని వాడక, ఆ వ్యక్తి ఉన్న చోటు అనే వాక్యఖండాన్ని వాడినది. స్పానిష్ పాఠంలోని 'పరదేరో' ఆగుట అనే అర్థంగల ధాతువునుండి పుట్టిన నామవాచకం. భావం ఒకటే అయినను ప్రతి భాష తన స్వభావాన్ని అనుసరించినది.

రెండవది క్రీడారంగంలోనిది. నిషిద్ధ ఔషధ పరీక్షల జాబితాలో చేరిన క్రీడాకారులు ప్రతిదినం ఉదయం 5 గంటలకు, రాత్రి 11 గంటలకు నడుమ తాము నిర్ణీత స్థలంలో లభించే 60 నిమిషాల వ్యవధిని ముందుగా తెలుపవలెనని ప్రపంచ సంస్థ నియమం. ఈ విధానం 2009లో అమలులోనికి వచ్చినది. పన్నెండు నెలలలో మూడు పర్యాయాలు తప్పితే అది నియమోల్లంఘనం అగును. భారత క్రికెట్ నియంత్రణ మండలి 2009లో ఈ 'వేరబౌట్స్' నిబంధననే వ్యతిరేకించినది. 2019లో జాతీయ సంస్థ పరీక్షలకు అంగీకరించినది. ఇట్టి నిబంధన వ్యక్తిగత జీవన హక్కుకు భంగకరం కాదని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 2018 జనవరిలో ఫ్రాన్సు దేశపు వ్యాజ్యంలో తీర్పు చెప్పినది. ఈ సందర్భంలో దాచేవారు లేరు, తప్పిపోయినవారు లేరు. క్రీడాకారుడే ముందుగా తెలుపుతున్నాడు. దీనికి 'ఆచూకీ నిబంధన' అన్నచో నిర్దోషియైన క్రీడాకారునిపై పరారీలో ఉన్నవాని నీడ పడుతుంది. 'ఉండే చోటి వివరాలు' అనే మాట ఇక్కడ తగినది.

ఉపసంహారం

'వేరబౌట్స్' అనే పదం స్థలానికి పేరు కాదు. స్థలాన్ని గురించిన ప్రశ్నకు పేరు. దాని అంగాలలోని 'ఎక్కడ', 'చుట్టుపట్ల' అనే అర్థాలు నేటి ప్రయోగంలో కూడ జీవించి ఉన్నవి. సంస్కృతం ఇదే అవసరాన్ని వార్తాపరమైన 'ప్రవృత్తి' శబ్దంతోను, తెలుగు 'జాడ', 'ఆచూకి' మొదలైన నామవాచకాలతోను, 'ఎక్కడున్నదీ' అనే వాక్యనిర్మాణంతోను తీర్చుకొన్నవి. కావున అనువాదంలో తప్పిపోయినవారి విషయంలో 'ఆచూకి', ఎరిగినవారు దాచిన సందర్భంలో 'ఎక్కడున్నదీ', తనకు తానుగా తెలిపే సందర్భంలో 'ఉండే చోటి వివరాలు', వెళ్లిన దారి ప్రధానమైనప్పుడు 'జాడ' గ్రాహ్యములు. 'చిరునామా', 'నివాసం' అనేవి ఈ పదానికి పర్యాయాలుగా నిలువవు. అవి మనిషి లేనప్పుడు కూడ ఉండే స్థలాలు; 'వేరబౌట్స్' మనిషితోబాటు కదలేది.